డాక్టరు మేరీ గ్లౌరీ జీవితచరిత్రము

బందరునుండి గుంటూరు మనకు దూరదేశము కాదు. నడుమ కృష్ణానది యొక్కటియే అడ్డము. బందరు, గుడివాడవారు బెజవాడమీదుగను, దివిసీమవారు పులిగడ్డ పెనుమూడి వారధిమీదుగను నేడు సులభముగా అచ్చటికి పోయి రాగలరు. ఆ పట్టణమున సెయింట్ జోసఫ్ ఆసుపత్రి యను కతోలిక వైద్యశాల యొకటి కలదు. దాని వాకిటి యెదుట నడచిపోయినవారు మనలో అనేకులుందురు. కాని, ఒకప్పుడు చిన్న మందులశాలగా నున్న దానిని పెద్ద వైద్యశాలగా పెంచిన స్త్రీ యెవరో, ఆమె యే దేశమునుండి యేల వచ్చెనో యెరిగినవారు మనలో తక్కువ. ఆమె పేరు డాక్టరు మేరీ గ్లౌరీ. ఆస్ట్రేలియా దేశమున ఆమె పేరు సుప్రసిద్ధము. కతోలిక సంఘము ఆమెను పునీతుల వరుసలో చేర్చుటకు తగినదేమో యని విచారించుచున్నది. అట్టి మహనీయురాలు తన జీవితములో ముప్పదియేడు సంవత్సరములు మన దేశమునకు ధారపోసినది. వానిలో అధికభాగము గుంటూరుననే గడచినది. కావున ఆమె చరిత్రమును తెలిసికొనుట మనకు విధి.

సాధారణముగా మనము మహనీయుల చరిత్రములను చదువునపుడు వారి ఘనకార్యములను లెక్కించి, ఆశ్చర్యపడి, పుస్తకమును మూసివేయుదుము. ఈమె చరిత్రమును అట్లు చదువరాదు. ఏలయనగా, ఇందులో ప్రతి విద్యావంతునికిని ఎదురు కావలసిన ప్రశ్న యొకటి యున్నది. రోగులు లక్షలు, వైద్యురాలు ఒక్కతె. అట్టిచోట ఆ యొక్కతె యేమి చేయవలెను? తన రెండు చేతులతో చేయగలిగినంత చేసి తృప్తిపడవలెనా? లేక మరియొక మార్గమున్నదా? ఈ ప్రశ్నకు డాక్టరు గ్లౌరీ తన జీవితముచే ఇచ్చిన సమాధానమే మనము గ్రహింపవలసిన పాఠము.

ఆమె కాలమున మన దేశపు స్త్రీల స్థితి యెట్లుండెనో మొదట చెప్పవలెను. ఇప్పటికి నూరేండ్లకు పూర్వము మన గ్రామములలో పురుటినొప్పులు వచ్చిన స్త్రీకి మంత్రసానియే దిక్కు. మంత్రసాని అనుభవము కలదియే కావచ్చును. కాని బిడ్డ అడ్డము తిరిగినపుడు గాని, నెత్తురు కట్టుబడనపుడు గాని, పురిటిజ్వరము సోకినపుడు గాని ఆమె చేయగలిగినది స్వల్పము. చేతులను, కత్తిని, గుడ్డలను శుభ్రపరచుటలో ఎంత ప్రాణరక్షణ యున్నదో ఆమెకు నేర్పినవారు లేరు. పట్టణమునకు తీసికొనిపోవుదమన్నను, వానకాలములో బండి బురదలో దిగబడును. రేవు దాటుటకు పడవ దొరకవలెను. దివిసీమ రెండు పాయల నడుమనున్న లంకయగుటచే అచ్చటివారికి ఈ కష్టము మరింత యెక్కువ. ఎట్లో పట్టణము చేరినను, అచ్చట నుండునది పురుషవైద్యుడు. ఘోషా పాటించు కుటుంబములవారు పరపురుషుడు తమ స్త్రీలను పరీక్షించుటకు ఒప్పుకొనెడివారు కారు. ఈ కారణములచేత ఎందరు తల్లులు, ఎందరు పసికందులు చికిత్స లేక చనిపోయిరో లెక్కింప శక్యము కాదు.

ఈ దుస్థితిని తొలగించుటకు ప్రయత్నము లేకపోలేదు. మద్రాసు వైద్యకళాశాలలో 1875వ సంవత్సరముననే స్త్రీలకు ప్రవేశము కలిగెను. 1885లో డఫరిన్ ప్రభ్వి పేర ఒక నిధి యేర్పడి, స్త్రీలకు స్త్రీలచే వైద్యము చేయించుటకై పాటుపడసాగెను. గుంటూరు పట్టణముననే అమెరికా లూథరను మిషనుకు చెందిన డాక్టరు ఆన్నా కుగ్లరు 1883లో అడుగిడి, 1930లో మరణించువరకును స్త్రీలకును బిడ్డలకును సేవచేసి, గొప్ప ఆసుపత్రిని నెలకొల్పెను. అయినను అవసరము సముద్రమంత, సహాయము చెంబెడు. ఇంకను చేతులు కావలసియుండెను.

మేరీ గ్లౌరీ 1887వ సంవత్సరము జూను నెల 23వ తేదీన ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రమున బిర్రెగర్రా అను చిన్న యూరిలో జన్మించెను. తండ్రి ఎడ్వర్డు, తల్లి మార్గరెట్టు. వారు ఐర్లండు దేశమునుండి వలసవచ్చిన వంశములవారు. తొమ్మిదిమంది బిడ్డలలో ఈమె మూడవది. తరువాత ఆ కుటుంబము మాలీ యను మెట్టప్రాంతమునందలి వాచెం అను గ్రామమున స్థిరపడెను. అది గోధుమపైరు పండు దేశము. వానలు తక్కువ, దుమ్ము ఎక్కువ. నగరపు వసతులు అచ్చట లేవు. ధనము లేకున్నను ఆ యింట భక్తియు, విద్యపై ఆసక్తియు నిండుగా నుండెను. సాయంకాలమున కుటుంబమంతయు కూడి జపమాల ప్రార్థన చేయునపుడు, తల్లి గురువులకొరకును వైద్యులకొరకును ప్రత్యేకముగా ప్రార్థన చేయించుట వాడుక యని చెప్పుదురు. తన బిడ్డయే ఒకనాడు వైద్యురాలును, సన్యాసినియును కాగలదని ఆ తల్లి యెరుగదు.

1900వ సంవత్సరమున, పదుమూడేండ్ల వయస్సున, మేరీ ప్రభుత్వపు పోటీపరీక్షలో నెగ్గి ఉపకారవేతనమును సంపాదించెను. ఆ వేతనమే లేకున్న పల్లెటూరి బాలికకు ఉన్నతవిద్య దొరకుట కష్టముగా నుండెడిది. ఆమె ఇల్లు విడిచి, మెల్బోర్ను నగరములో నొక కన్యాస్త్రీల మఠమున వసించుచు, సౌత్ మెల్బోర్ను కళాశాలయందు చదివెను. పిదప మెల్బోర్ను విశ్వవిద్యాలయమున మరల ఉపకారవేతనమును గెలిచి, మొదట భాషాశాస్త్రాదులను చదువుటకు చేరెను. కాని తండ్రి ఆమె బుద్ధిబలమును, దయాస్వభావమును గుర్తించి, వైద్యవిద్యకు మరలుమని ప్రోత్సహించెను. ఆమె ఆ హితవును శిరసావహించెను.

ఇచ్చట నొక విశేషము. మెల్బోర్ను విశ్వవిద్యాలయమువారు స్త్రీలను వైద్యవిద్యలో చేర్చుకొనసాగినది 1887లో. అనగా మేరీ పుట్టిన సంవత్సరముననే. మన మద్రాసులో అంతకు పండ్రెండేండ్ల పూర్వమే స్త్రీలకు ఆ ద్వారము తెరువబడియుండెను. స్త్రీవిద్య పాశ్చాత్యులకు పుట్టుకతో వచ్చినదనియు, మనము వెనుకబడినవారమనియు తలచువారు ఈ సంగతిని జ్ఞప్తియందుంచుకొనవలెను. మనకు కొదువయైనది ద్వారము కాదు. ఆ ద్వారమువరకు తమ ఆడుబిడ్డలను నడిపించు తల్లిదండ్రులు కొదువైరి.

1910లో మేరీ వైద్యపట్టమును పొందెను. 1911లో న్యూజీలాండు దేశమునందలి క్రైస్ట్‌చర్చ్ ఆసుపత్రిలో నివాసవైద్యురాలిగా పనిచేసెను. స్త్రీకి అట్టి యుద్యోగ మిచ్చుట ఆ దేశమున నాడు అరుదైన సంగతి. మరుసటి సంవత్సరము మెల్బోర్నుకు తిరిగివచ్చి, నేత్రకర్ణవైద్యశాలయందును, సెయింట్ విన్సెంట్ ఆసుపత్రియందును పనిచేయుచు, కాలిన్సు వీధిలో స్వంత వైద్యమును ప్రారంభించెను. ఆ వీధి మెల్బోర్నులో పేరుపడిన వైద్యులు నివసించు స్థలము. 1914లో యూరపు మహాసంగ్రామము ఆరంభమై పురుషవైద్యులు అనేకులు యుద్ధభూమికి తరలిపోగా, మిగిలినవారిపై భారము హెచ్చెను. ఆ భారమును మోసి ఆమె పేరును, విశ్వాసమును సంపాదించెను. ముప్పదియేండ్లు నిండకమున్నే ఆమెకు విద్య, గౌరవము, వృత్తి, రాబడి సమకూడెను. పల్లెటూరి బీదబాలిక యింతకంటె కోరదగిన దేమున్నది? లోకరీతిని చూచిన, ఈ చరిత్రము ఇచ్చటనే సుఖముగా ముగియవలసినది.

1915వ సంవత్సరము అక్టోబరు 24వ తేదీ ఆదివారము. మేరీ దేవాలయమున దివ్యపూజ ముగించుకొని వచ్చి, తాను కొనియుంచిన చిన్న పుస్తకమొకటి చదువసాగెను. అది డాక్టరు ఆగ్నెస్ మెక్లారెన్ అను స్కాట్లండు స్త్రీని గూర్చినది. భారతదేశమున స్త్రీలు పురుషవైద్యులను చూడజాలక, స్త్రీవైద్యులు దొరకక, తాము నశించి, తమ బిడ్డలను పోగొట్టుకొనుచుండుట అందు వర్ణింపబడెను. మేరీ దానిని చదివి మోకాళ్లపై వ్రాలెను. తన జీవితము దేనికొరకో ఆ క్షణమున ఆమెకు తేటతెల్లమయ్యెను. వైద్యురాలిగా భారతదేశమునకు పోయి, అచ్చటి తల్లులకును బిడ్డలకును పాటుపడుటయే తన పని యని ఆమె నిశ్చయించుకొనెను.

ఆగ్నెస్ మెక్లారెనును గూర్చి నాలుగు మాటలు చెప్పక తీరదు. ఆమె ఎడింబరో నగరవాసి. పార్లమెంటు సభ్యుని కుమార్తె. స్వదేశమున స్త్రీలకు వైద్యవిద్య లభింపనందున ఫ్రాన్సు దేశమునకు పోయి, మోంపెల్యే విశ్వవిద్యాలయమున చదివి, 1878లో పట్టమును పొందెను. అరువదియేండ్లు దాటిన పిదప కతోలిక సంఘమున చేరెను. డెబ్బదియేండ్లు దాటినను భారతదేశమునకు వచ్చి, ఉత్తరదేశమున రావల్పిండిలో స్త్రీలకును బిడ్డలకును ఆసుపత్రి నెలకొల్పుటకు కారకురాలయ్యెను. ఆసుపత్రికి కట్టడము దొరకెను. నిలిచి పనిచేయు వైద్యురాలు మాత్రము దొరకలేదు. 1913లో ఆమె మరణించెను. ఆమె చనిపోయిన రెండేండ్లకు, వేలమైళ్ల దూరమున, ఆమెను కంటితో చూడని యువతి ఆమె కథను చదివి కదలెను. సత్కార్యము చేసినవాడు తన కాలముననే ఫలము కానరాలేదని నిరాశపడరాదు.

పిలుపు వినినంతనే మేరీ ఓడనెక్కి బయలుదేరెనా? లేదు. నాలుగేండ్లకు పైగా సిద్ధపడెను. విద్యార్థులారా, ఈ సంగతిని మీరు ప్రత్యేకముగా గమనింపుడు. 1916లో మెల్బోర్నునందలి కతోలిక స్త్రీలు ఒక సాంఘిక సమాజమును స్థాపించుకొనగా ఆమె దానికి మొదటి అధ్యక్షురాలయ్యెను. పనిపాటలు చేసికొను స్త్రీల కష్టములు, బీదబిడ్డల ఆరోగ్యము, సంఘసంస్కరణము మొదలైనవి ఆ సమాజమువారు చర్చించి పాటుపడుచుండిరి. పదిమందిని ఒక పనికై కూడగట్టుట ఎట్లో ఆమె అచ్చట నేర్చెను. మరియొక ప్రక్క, భారతదేశమున తనకు కావలసిన విద్య యేదో ఆలోచించుకొని, ప్రసూతిశాస్త్రము, స్త్రీరోగచికిత్స, నేత్రవైద్యము అనువానిలో కృషిచేసి, 1919లో ఎం.డి. అను ఉన్నతపట్టమును సంపాదించెను. పరోపకారము చేయ సంకల్పించినవానికి మంచిమనస్సు చాలును, నైపుణ్యము లేకున్నను పరవాలేదని ఆమె తలంపలేదు. బీదలకు తక్కువరకపు వైద్యము తగునని తలచుట ధర్మము పేర చేయు అన్యాయము.

ఇక నొక పెద్ద అడ్డంకి యుండెను. మేరీ వైద్యురాలు కాగోరుటయే కాదు. సన్యాసవ్రతము పూని కన్యాస్త్రీ కాగోరెను. ఈ రెండును ఒక్కచోట కుదురుట దుర్లభము. మఠవాసులు వైద్యవృత్తిని అవలంబింపరాదనియు, విశేషించి ప్రసవకార్యములందు పాల్గొనరాదనియు కతోలిక సంఘమున బహుకాలమునుండి నిషేధము ఉండెను. వ్రతనిష్ఠకు భంగము కలుగునను భయముచే పెద్దలు దానిని విధించిరి. ఆ పెద్దలు దురుద్దేశము కలవారు కారు. కాని, ఆ నిషేధము మూలమున, కాన్పు కష్టమై చావనున్న తల్లి మఠపు వాకిటికి వచ్చినను, లోపలి కన్యాస్త్రీలు ప్రార్థన చేయగలరే గాని చేయిసాచి రక్షింపలేని స్థితి యేర్పడెను. డాక్టరు మెక్లారెన్ ఈ నిషేధమును సడలింపుమని రోమునకు పలుమారులు విన్నపములు పంపి విఫలురాలయ్యెను. మేరీ విషయమున మాత్రము పదునైదవ బెనెడిక్టు పోపుగారు ప్రత్యేకానుమతిని దయచేసిరి. సన్యాసినియై యుండి వైద్యమును చేయుటకు ఇట్లు అనుమతి పొందిన మొదటి వైద్యురాలు ఈమెయే యని చెప్పుదురు. ఆ నిషేధము అందరి విషయమునను తొలగినది 1936వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన రోమునుండి వెలువడిన ఉత్తరువుచేతనే. అనగా ఈమె పదునారేండ్లు ముందుగానే ఆ దారిని నడచెను. ఆమె నిషేధమును ధిక్కరింపలేదు. దానికి వెరచి పనిని మానలేదు. అనుమతిని అడిగి, పొంది, తన ప్రవర్తనచే ఆ భయము నిరాధారమని చూపెను.

1920 జనవరి 21వ తేదీన తల్లిదండ్రులను, తోబుట్టువులను, వృత్తిని విడిచి, ఆమె మెల్బోర్నులో ఓడనెక్కెను. ఫిబ్రవరి 12వ తేదీన గుంటూరు చేరెను. అప్పటికి రెండేండ్లకు పూర్వమే, 1918లో, విషజ్వరము మన దేశమున కోటికి మించిన ప్రాణములను బలిగొని యుండెను. అట్టి కాలమున ఆమె యిచ్చట అడుగిడెను. గుంటూరునందు జేసు మరియ జోజప్ప సభకు చెందిన కన్యాస్త్రీలు 1904నుండి పనిచేయుచుండిరి. ఆ సభ 1822లో హాలండు దేశమున అమెర్స్‌ఫోర్టు పట్టణమున పుట్టినది. మేరీ ఆ సభయందే చేరి, తిరుహృదయ సిస్టరు మేరీ అను నామమును ధరించెను.

ఇప్పుడామె స్థితిని తలంపుడు. మెల్బోర్నులో పేరుగన్న డాక్టరు, ఎం.డి. పట్టము గల విదుషి, గుంటూరు మఠమున శిక్షార్థినియై, తనకంటె తక్కువ చదివినవారి యాజ్ఞలకు లోబడి, మఠనియమములను ఒక్కొక్కటిగా అభ్యసించెను. కొంతకాలమునకు ఆమె మొదటి వ్రతములను గైకొనెను. పిదప వైద్యకార్యభారము ఆమెకు అప్పగింపబడెను.

అచ్చట ఆమెకు లభించినది చిన్న మందులశాల. వైద్యురాలు తానొక్కతెయే. రోగులు తెల్లవారకమునుపే వచ్చి వాకిట కూర్చుండెడివారు. జ్వరపడినవారు, కండ్లు పుండ్లు పడినవారు, పాలు త్రాగని బిడ్డలను ఒడిలో నుంచుకొన్న తల్లులు, రెండుదినములు నొప్పులు పడి బండిమీద తేబడిన గర్భిణులు, ఇట్టివారినందరిని ఆమె చూచెడిది. కులమేది, మతమేది అను ప్రశ్న అచ్చట లేదు. ఆసుపత్రికి రాజాలనివారిని చూచుటకు ఆమెయే గ్రామములకును ఇండ్లకును పోయెడిది. సంవత్సరములు గడచినకొలది ఆ మందులశాల సెయింట్ జోసఫ్ ఆసుపత్రిగా పెరిగెను. అచ్చట చికిత్స పొందినవారి సంఖ్య లక్షలకు చేరెను. మందులు ఖరీదైనవి, విదేశములనుండి రావలసినవి యగుటచే, ఆమె మన దేశపు మూలికలను, నాటువైద్యమును శ్రద్ధతో పరిశీలించి, గుణము కలవానిని వాడెను. పెద్దపట్టము పొందితిని గదా, పల్లెవైద్యము నాకేలయని ఆమె తిరస్కరింపలేదు.

ఇక మొదట చెప్పిన ప్రశ్నకు వత్తము. ఒక్క వైద్యురాలు దినమునకు ఎందరిని చూడగలదు? ఆమె నిద్రాహారములు మాని పనిచేసినను, వాకిట వేచియున్నవారు తరుగరు. వాకిటివరకు రాలేనివారి లెక్క భగవంతునికే యెరుక. ఇది తెలిసి కొందరు నిరాశచెందుదురు. మరికొందరు తమ శక్తికి మించి శ్రమించి, తాము పడిపోయిన నాడు తమ పనియు పడిపోవునట్లు చేయుదురు. సిస్టరు మేరీ మూడవ మార్గమును ఎన్నుకొనెను. తన చేతులు చాలవని గ్రహించి, ఇతరుల చేతులకు పని నేర్ప పూనుకొనెను. ఈ దేశపు బాలికలనే చేరదీసి, మందులు కలుపు కాంపౌండర్లుగను, నర్సులుగను, శిక్షణ పొందిన మంత్రసానులుగను తీర్చిదిద్దసాగెను. వైద్యురాలు ఆస్ట్రేలియానుండి రావలసిన యవసరము ఎల్లకాలము ఉండరాదనియు, ఈ దేశపు తల్లులను ఈ దేశపు కుమార్తెలే రక్షింపవలెననియు ఆమె యాశయము.

ఈ పని మందిచ్చుటకంటె కష్టము. మన సంఘములో ఆ కాలమున నర్సుపని నీచమైనదని తలచెడివారు. నెత్తురు, చీము, మలము ముట్టుకొను పని కులస్త్రీలకు తగదనియు, పరులను ముట్టుకొను పిల్లకు సంబంధము కుదరదనియు పెద్దలు వెనుదీయుచుండిరి. చదువురాని పిల్లకు మందు కొలతలు నేర్పుట యెట్లు? కావున ఆసుపత్రికి ముందు పాఠశాల యుండవలెను. కూడికలు, భాగాహారములు రాని చేతికి మందుసీసా నిచ్చుట ప్రమాదము. మీరు తరగతిలో విసుగుకొనుచు వేయు లెక్కయే ఒకనాడు బిడ్డకు ఇచ్చు మందు ఎన్ని చుక్కలో నిర్ణయించును. చదువునకును ప్రాణరక్షణకును గల సంబంధము ఇంత దగ్గరిది. ఈ కాలమున మన తెలుగుబాలికలు దేశదేశములందు నర్సులుగను డాక్టర్లుగను గౌరవము పొందుచున్నారు. నాడు లోకుల మాటలను సహించి తమ కుమార్తెలను పంపిన ఆ కొలదిమంది తల్లిదండ్రులే ఈ మార్గమునకు పునాది వేసిరి.

ఇరువది సంవత్సరముల పనిలో ఆమె మరియొక సంగతిని గ్రహించెను. దేశమున అక్కడక్కడ కతోలిక ఆసుపత్రులు, మందులశాలలు ఉండెను. కాని దేనికదియే వేరు. ఒకదాని కష్టము మరియొకదానికి తెలియదు. ఒకచోట నేర్చిన మేలు మరియొకచోటికి చేరదు. అంతలో రెండవ మహాసంగ్రామము వచ్చెను. అట్టి సమయమున, 1943వ సంవత్సరము జూలై 29వ తేదీన, పదునార్గురు కన్యాస్త్రీలు బెంగుళూరున సమావేశమై, సిస్టరు మేరీ నాయకత్వమున కతోలిక ఆసుపత్రుల సంఘమును స్థాపించిరి. ఆమెయే దానికి మొదటి అధ్యక్షురాలు. మెల్బోర్నున స్త్రీసమాజమును నడుపుటలో నేర్చిన విద్య ఇరువదియేడేండ్లకు ఇచ్చట ఫలించెను. ఏ విద్యయు వ్యర్థము కాదు.

ఆమెకు మరియొక గొప్ప కోరిక యుండెను. ఈ దేశమున కతోలిక వైద్యకళాశాల యొకటి వెలయవలెననియు, అందు చదివిన ఈ దేశపు వైద్యులు బీదలకు సేవచేయవలెననియు ఆమె ఆశించి, ఎడతెగక ప్రయత్నించెను. ఆ కోరిక ఆమె బ్రదికియుండగా నెరవేరలేదు. కడపటి సంవత్సరములలో పుట్టకురుపు వ్యాధి ఆమెను పీడించెను. వేలమంది బాధను తీర్చిన యామె తన బాధను ఓర్పుతో భరించెను. 1957వ సంవత్సరము మే 5వ తేదీన బెంగుళూరునందు, డెబ్బదియవ యేటికి కొలదివారములు కొదువగా, ప్రభువునందు నిద్రించెను. ఆమె మరణించిన ఆరేండ్లకు, 1963లో, అదే బెంగుళూరు నగరమున సెయింట్ జాన్స్ వైద్యకళాశాల తెరువబడెను. మెక్లారెన్ కోరిక గ్లౌరీవలనను, గ్లౌరీ కోరిక తరువాతివారివలనను నెరవేరినవి.

నేడు ఆమె ఫలములను చూడుడు. గుంటూరు ఆసుపత్రి నేటికిని రోగులను చేర్చుకొనుచున్నది. పదునార్గురితో మొదలైన ఆ సంఘమునకు సికిందరాబాదు ప్రధానస్థానమై, మూడువేలకు మించిన వైద్యసంస్థలు దానిలో చేరియున్నవి. వానిలో పెద్ద ఆసుపత్రులు కొలది. పల్లెలలో ఒకరిద్దరు కన్యాస్త్రీలు నడుపు చిన్న మందులశాలలే హెచ్చు. 2013లో కతోలిక సంఘము ఆమెకు దైవసేవకురాలు అను బిరుదునిచ్చెను. ఇది పునీతురాలిగా ప్రకటించుటకు పూర్వము నుండు మెట్లలో మొదటిది.

దివిసీమవారు 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీని మరువజాలరు. ఆనాటి యుప్పెనలో వేలకొలది ప్రాణములు పోయినవి. ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకొని పోయినవి. ఆ దినములయందు ప్రాణములతో మిగిలినవారికి కావలసినది సానుభూతి మాత్రమే కాదు. గాయము కడిగి కట్టుకట్ట నేర్చిన చేతులు, త్రాగునీటిని శుద్ధిచేయ నేర్చిన చేతులు, తల్లిని పోగొట్టుకొన్న పసిబిడ్డకు పాలు పట్ట నేర్చిన చేతులు కావలసివచ్చినవి. అట్టి చేతులు ఉప్పెన వచ్చిన మరునాడు తయారుకావు. ఏండ్ల తరబడి, ఎవరును చూడనిచోట, పాఠశాలలందును ఆసుపత్రులందును తయారు కావలెను. మన తీరమునకు ఉప్పెన క్రొత్తది కాదు. 1864లో మన బందరే యట్లు మునిగినది. మరల వచ్చినపుడు మనలో అట్టి చేతులు ఎన్ని యుండునో ఇప్పుడే ఆలోచించుకొనవలెను.

తల్లిదండ్రులారా! వాచెం గ్రామపు తండ్రి తన కుమార్తె బుద్ధిని గుర్తించి వైద్యవిద్యకు పంపినందున గుంటూరు మండలపు తల్లులు బ్రదికిరి. మీ యింటి బాలిక చదువును మధ్యలో మాన్పించునపుడు, ఎవరి ప్రాణము ఆ చదువుపై ఆధారపడియున్నదో యొక్కసారి తలంపుడు.

విద్యార్థులారా! మీరందరును వైద్యులు కానక్కరలేదు, మఠములలో చేరనక్కరలేదు. కాని మీకు తెలిసినదానిని తెలియనివానికి నేర్పుట మీలో ప్రతివానికిని సాధ్యము. వెనుకబల్లమీద కూర్చుండి లెక్క రాక తలవంచుకొన్న తోటివానికి రేపు అది చెప్పియిచ్చిన, డాక్టరు మేరీ గ్లౌరీ గుంటూరున చేసిన పనిలో మీకును భాగము కలుగును. అట్టి బుద్ధిని భగవంతుడు మనకందరకును ప్రసాదించుగాక.